పదేళ్ల పౌరులు: ఊరి బడిలో పాలన పాఠం

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో స్వపరిపాలన దినోత్సవం పిల్లలు ఎదురుచూసే పండుగ. నవంబరు 14 వచ్చినప్పుడో, విద్యా సంవత్సరం ముగిసే ముందో, ఒక రోజు బడి వాళ్ల చేతికి వస్తుంది. ఐదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని టీచరవుతుంది. ఒకబ్బాయి హెచ్‌ఎం కుర్చీలో కూర్చుంటాడు. ఇంకొకరు కలెక్టర్, ఇంకొకరు డీఈఓ, మరొకరు విద్యాశాఖ మంత్రి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఊళ్లలో చాలామంది పిల్లలు ప్రభుత్వం అనే దాన్ని పుస్తకం బయట, తమ చేతులతో తాకి చూసే మొదటి సందర్భం ఇదే. ఆ వేడుక వెనక ఒక తాత్విక ప్రశ్న ఉంది. తమను తాము పాలించుకోవడం అనేది నేర్పితే వచ్చేదేనా? వచ్చేదైతే, ఓటుహక్కుకు ఇంకా ఎనిమిదేళ్ల దూరంలో ఉన్నవాళ్లకు దాన్ని ఎట్లా నేర్పాలి?

అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో దీనికి రెండు జవాబులు ఎదురెదురుగా కనిపిస్తాయి. మొదటి భాగంలో ఆయన, రాజనీతి వినడానికి చిన్నవాళ్లు తగరంటాడు. వాళ్లకు బతుకు అనుభవం ఉండదు, ఆవేశాల వెంట పోతారు అన్నది ఆయన కారణం. రెండో భాగానికి వచ్చేసరికి, ఇళ్లు కట్టీ కట్టీ మేస్త్రీ అయినట్టే, న్యాయమైన పనులు చేసీ చేసీ మనిషి న్యాయవంతుడవుతాడని అంటాడు. మొదటి మాట ఒప్పుకుంటే ప్రాథమిక పాఠశాలలో పౌరధర్మం తొందరపాటు. రెండో మాట ఒప్పుకుంటే పద్దెనిమిదేళ్ల దాకా ఆగడమే ఆలస్యం. రెండింటినీ కలిపి చదివితే మాత్రం దారి తెరుచుకుంటుంది: ఆ వయసుకు ఉపన్యాసం పనికిరాదు, పని పనికివస్తుంది. జాన్ డ్యూయీ 1916లో ప్రజాస్వామ్యం, విద్య గురించి రాసిన పుస్తకం ఈ రెండో మాట మీదనే నిలబడింది. ప్రజాస్వామ్యాన్ని ఆయన పాలనా పద్ధతిగా కాక, కలిసి బతికే తీరుగా ముందు చూశాడు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో డ్యూయీ దగ్గర చదువుకున్న అంబేడ్కర్ ఆ ఆలోచనను భారతీయ సమాజం ముందు పెట్టి మరింత కఠినంగా అడిగాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజ్యాంగ నీతి మనిషికి పుట్టుకతో వచ్చే గుణం కాదని, దాన్ని పెంచి పోషించుకోవాలని, ఈ దేశ ప్రజలు అది ఇంకా నేర్చుకోవలసే ఉందని చెప్పాడు. మరుసటి ఏడాది నవంబరు 25న, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక జీవితంలో అసమానత్వం పక్కపక్కనే ఉండబోతున్నాయని హెచ్చరించాడు. పెంచి పోషించవలసిందే అయితే ఎక్కడ పెంచాలి? కోర్టుకు, కలెక్టరేటుకు, పోలీస్‌ స్టేషన్‌కు అందరూ వెళ్లరు. ఊళ్లో పుట్టిన పిల్లలు అంగన్‌వాడీ దాటాక రోజూ కాలు పెట్టే ప్రభుత్వ గడప బడి ఒక్కటే. అక్కడ పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే తీరులోనే పిల్లలకు ప్రభుత్వం మొదట అర్థమవుతుంది. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో గ్రామ పంచాయతీ పాఠం వచ్చేలోపే ఆ పాఠం సగం అయిపోతుంది.

జనగామ ప్రాంతంలో ఈ మాటకు బరువు ఎక్కువ. ఈ నేల మీద అధికారం చాలాకాలం గడీ రూపంలోనే కనిపించింది. విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో వెట్టి చేసిన ఊళ్లివి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు బలైన తరువాత సాయుధ పోరాటం రాజుకుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దొర మనుషుల పాలు కానీయకుండా సంగం అండతో నిలబెట్టుకుంది. అదే పాలకుర్తి పేరు పాల్కురికి సోమనాథుడి ఇంటిపేరుగా సాహిత్యంలో నిలిచింది. ఆయన బసవ పురాణంలో మడివాలు మాచయ్య అనే చాకలి భక్తుడు రాజుల ముందు తలవంచని మనిషి. దేవుడి ముందు పుట్టుక అడ్డురాదన్న మాట ఏడువందల ఏళ్ల కిందటే తెలుగులో అంత గట్టిగా పలికిన చోట, పంట ఎవరిది అని అడగడానికి ఒక స్త్రీ ఇరవయ్యో శతాబ్దంలో ప్రాణాలకు తెగించవలసి వచ్చింది. సమానత్వం ఒక నమ్మకంగా ఉండటానికి, ఊరి నడవడిగా మారటానికి మధ్య ఎంత దూరముందో ఈ ఒక్క ఊరు చెబుతుంది.

ఆ చరిత్రను మనసులో పెట్టుకుని చూస్తే స్వపరిపాలన దినోత్సవంలోని లోటు కనిపిస్తుంది. ఆ రోజు పిల్లలు పాలకుల వేషం వేస్తారు. కలెక్టర్‌ అయిన పిల్లవాడు గదిలోకి రాగానే మిగతావాళ్లు లేచి నిలబడతారు. అతడు నోటుపుస్తకాలు తనిఖీ చేస్తాడు, ఆలస్యంగా వచ్చిన వాళ్లను మందలిస్తాడు. పిల్లలు చూసినదాన్నే చేస్తారు కాబట్టి తప్పు వాళ్లది కాదు. కానీ ఆ ఆటలో అర్జీ పెట్టుకునేవాడి వేషం ఎవరూ వేయరు. కలెక్టర్ ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న రాదు. సాయంత్రానికి చీరలు, టైలు విప్పేశాక బడిలో ఏదీ మారదు. బిడియం పోవడానికి, నలుగురి ముందు మాట్లాడటానికి ఆ పండుగ ఎంతో మేలు చేస్తుంది, అది ఉండవలసిందే. పాలన పాఠంగా మాత్రం అది ఆజ్ఞ ఇవ్వడం నేర్పుతుంది. పౌరసత్వం మొదలయ్యే చోటు వేరు: ఒకరు అడగడం, అడిగినదానికి కారణంతో కూడిన జవాబు పొందడం. ప్రాథమిక పాఠశాలలో చేతిపనిగా చేయించే ఏ ప్రాజెక్టుకైనా ఈ గీటురాయి సరిపోతుంది. పిల్లల మాట వల్ల ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా, నిజంగా మారే వీలుందా? మారకపోతే ఎందుకు మారలేదో వాళ్లకు ఎవరైనా చెబుతారా?

చూపించడానికి ఊళ్లో కావలసినంత ఉంది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి తరువాత తెలంగాణలో పంచాయతీ పని కంటికి కనిపించే రూపం తీసుకుంది. చెత్త ఎత్తే ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం ఊరూరా వచ్చాయి. నాలుగో తరగతి పిల్లలు ఊరి పటం గీయడానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ముందు బడి, వాటర్ ట్యాంకు, పంచాయతీ ఆఫీసు, రేషన్ దుకాణం పెడతారు. తరువాత వార్డుల గీతలు. ఆ తరువాత వెలగని వీధి దీపాలకు ఒక రంగు, మురుగు నిలిచే చోటుకు ఇంకో రంగు. పటం పూర్తయ్యాక చాలాసార్లు ఒక సంగతి దానంతట అదే బయటపడుతుంది: ఏ వాడలో దీపాలు ఎక్కువ, ఏ వాడలో తక్కువ. ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేదు. ఆ పటం ముందు నిలబడిన పిల్లలకు సమానత్వం గురించి మొదటి గట్టి ప్రశ్న తమంతట తామే పుడుతుంది, దాన్ని దాటవేయకుండా అక్కడే ఆగి మాట్లాడే ధైర్యం ఉపాధ్యాయుడికి ఉండాలి.

పటం తరువాత వచ్చే ప్రశ్న, ఇది ఎవరి పని? ఇక్కడే పెద్దవాళ్లు కూడా తడబడతారు. వీధి దీపం పెట్టడం పంచాయతీ పని, దానికి కరెంటు ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ. నల్లా నీళ్లు ఊరి ట్యాంకు దాకా వచ్చేది మిషన్ భగీరథ కింద, ట్యాంకు నుంచి ఇళ్లకు పంచే పని ఊళ్లో జరుగుతుంది. భూపాలపల్లిలో ఈ ప్రశ్న మరీ దూరం పోతుంది. పట్టణానికి మున్సిపాలిటీ ఉంది. పక్కనే ఉన్న బొగ్గు గనులు సింగరేణివి. ఆ సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. గని పేలుళ్లకు ఇంటి గోడ అదిరితే, దుమ్ము గిన్నెల మీద పడితే ఎవరిని అడగాలి? ఓపెన్‌కాస్ట్ గని రాకముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ చెబుతుంది. ఊరివాళ్లు మైకు ముందు నిలబడి తమ మాట చెప్పే అధికారిక సందర్భం అది. ఐదో తరగతి పిల్లలు అలాంటి సభను బడిలో ఆడితే అందులో అధికారి, గని ఉద్యోగి, భూమి పోయే రైతు, గనిలో పనిచేసే కొడుకు ఉన్న తల్లి అందరూ ఉంటారు. ఆ చివరి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండవచ్చని భూపాలపల్లి పిల్లలకు చెప్పనక్కరలేదు. ప్రజాభిప్రాయం అంటే ఒకే గొంతు కాదని వాళ్లకు ఆ ఆటలో తెలిసినంత బాగా ఏ పాఠంలోనూ తెలియదు.

ఎన్నికను బడిలో ఆడించడం ఇంకా సులువు, ఇంకా చిక్కు. పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసి, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచాక, 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. సర్పంచ్‌కు గులాబీ బ్యాలెట్, వార్డు మెంబరుకు తెల్ల బ్యాలెట్. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగ్, ఆ వెంటనే లెక్కింపు. ఊళ్లలో ఎక్కువచోట్ల ఇదంతా జరిగింది బడి గదుల్లోనే. అంటే ప్రజాస్వామ్యం తమ తరగతి గదిలోకే వచ్చిన రోజున పిల్లలకు సెలవు. మరునాడు అదే గదిలో, అదే గులాబీ, తెలుపు కాగితాలతో తరగతి నాయకుడి ఎన్నిక పెట్టవచ్చు. గుర్తు ఎంచుకోవడం, అట్టపెట్టెను బ్యాలెట్ బాక్సు చేయడం, వేలికి సిరా పూయడం, చెల్లని ఓట్లను పక్కన పెట్టి ఎందుకు చెల్లవో మాట్లాడుకోవడం వంటివన్నీ పిల్లలు ఇష్టంగా చేస్తారు. రహస్య ఓటు ఎందుకో అప్పుడే బాగా తెలుస్తుంది, ఎందుకంటే స్నేహితుడికి ఓటు వేయనివాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోగలుగుతాడు.

చిక్కు ఎక్కడంటే, పిల్లలు అసలు ఎన్నికను కూడా చూశారు. పంపకాలు చూశారు, ఇంటి ముందు బేరాలు విన్నారు. ఊరంతా కూర్చుని పదవిని ఏకగ్రీవం చేసిన తీరూ చూశారు. అది కొన్నిచోట్ల నిజమైన ఒప్పుదల, కొన్నిచోట్ల పోటీ చేయవలసినవాడి నోరు మూయించడం. బడిలో ఇవేవీ లేనట్టు శుభ్రమైన ఎన్నిక మాత్రమే నడిపితే, బడి చెప్పేది ఒకటి, ఊరు చేసేది ఒకటి అని పిల్లలు తేల్చుకుంటారు, తేల్చుకుని బడిని నమ్మడం మానేస్తారు. వీటి గురించి పేర్లు లేకుండా, ఎవరినీ వేలెత్తి చూపకుండా మాట్లాడవచ్చు. చాక్లెట్లు పంచి ఓట్లు అడిగిన పిల్లవాడి విషయం తరగతి ముందు పెట్టి, తీసుకున్నవాళ్లు ఏం పోగొట్టుకున్నారో వాళ్లనే చెప్పమనవచ్చు. ఈ చర్చ లేని ఎన్నిక ప్రాజెక్టు సగం అబద్ధం.

ఇక్కడ హన్నా ఆరెంట్ అభ్యంతరాన్ని వినక తప్పదు. 1958లో విద్యా సంక్షోభం మీద రాసిన వ్యాసంలో ఆమె, పిల్లల ప్రపంచాన్ని పిల్లలకే వదిలేస్తే వాళ్లు స్వేచ్ఛ పొందరని, తమలోని అధిక సంఖ్యాకుల పెత్తనానికి లోబడతారని వాదించింది. పెద్దవాడి అధికారానికి ఎదురు తిరగవచ్చు, తోటివాళ్ల గుంపు నుంచి తప్పించుకునే చోటు పిల్లలకు ఉండదు. ఇది మూడు జిల్లాల చిన్న బడులకు సూటిగా తగులుతుంది. ఇరవై మంది పిల్లలున్న బడిలో పద్నాలుగు మంది ఒక వాడవాళ్లు, ఆరుగురు ఇంకో వాడవాళ్లు అయితే, ప్రతి ఎన్నికా ఒకే వైపు తిరుగుతుంది. ఆ ఆరుగురు నేర్చుకునేది ఓటమిని, అదీ శాశ్వతంగా. ప్రజాస్వామ్యం పేరుతో ఊరి పాత గీతలను బడిలో మళ్లీ గీసినట్టవుతుంది. అందుకని ఉపాధ్యాయుడు పక్కకు తప్పుకోవడం పిల్లలకిచ్చే గౌరవం కాదు, బాధ్యత దులుపుకోవడం. పదవులు నెలనెలా మారడం, చీటీ తీసి కొన్ని పనులు అప్పగించడం, కొన్ని విషయాలను ఓటుకు పెట్టకూడదని ముందే చెప్పడం వంటి కట్టుబాట్లు ఆయన పెట్టాలి. ప్రాచీన ఏథెన్సు కూడా చాలా పదవులను చీటీ తీసే నింపింది. మధ్యాహ్న భోజనం వడ్డించడం ఎవరి వంతు అన్నది ఓటుకు పెట్టవచ్చు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్నది ఎన్నటికీ ఓటుకు పెట్టరాదు. ప్రాథమిక హక్కులు అధిక సంఖ్యకు అందని ఎత్తులో ఉంటాయన్న రాజ్యాంగ సూత్రం ఇదే, అది అన్నం పళ్లెం దగ్గర తేలిగ్గా అర్థమవుతుంది.

అడగడం, జవాబు పొందడం అన్న గీటురాయి దగ్గరికి తిరిగి వస్తే, చట్టం ఈ రెండింటినీ పెద్దవాళ్లకు ఇచ్చింది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి గ్రామసభకు రాజ్యాంగ స్థానం ఇచ్చింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంది. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం ముప్పై రోజుల్లో జవాబివ్వాలంది. గ్రామసభలో మాత్రం ఓటరు జాబితాలో ఉన్నవాళ్లే సభ్యులు, పిల్లలకు చోటు లేదు. అయితే భారతదేశం 1992 డిసెంబరులో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, పన్నెండో అధికరణంలో, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం చెప్పే హక్కును, వయసుకు తగ్గట్టు దానికి విలువ ఇవ్వవలసిన బాధ్యతను చెప్పింది. ఈ ఖాళీని కర్ణాటక మక్కళ గ్రామసభలతో, అంటే పిల్లల గ్రామసభలతో, పూరించే ప్రయత్నం చేసింది. పంచాయతీ సభ్యులు పిల్లల ముందు కూర్చుని వాళ్ల ప్రశ్నలకు బదులివ్వడం అక్కడ ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచే పద్ధతి. రాజస్థాన్‌లోని తిలోనియాలో పగలు పశువులు కాసే పిల్లల రాత్రి బడులకు 1990ల నుంచే బాలల పార్లమెంటు ఉంది, బడి నడిచే తీరు మీద దానికి మాట ఉంది.

ఊరి బడి దీన్ని ఉత్తర్వు లేకుండానే మొదలుపెట్టవచ్చు. పటంలో తేలిన ఒక్క సమస్యను, బడి గేటు ముందు మురుగునో పనిచేయని బోరింగునో, పిల్లలు ఎంచుకుంటారు. పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాస్తారు. ఎవరి సొంత మేలు కోసమో కాక, అందరి తరఫున, కారణాలు చూపి, చూసిన తేదీలు వేసి రాస్తారు. దాన్ని వాళ్లే తీసుకుపోయి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటారు. ఆ తరువాతి అడుగు అన్నిటికంటే ముఖ్యం, చాలా ప్రాజెక్టులు ఆగిపోయేదీ అక్కడే. కార్యదర్శో, సర్పంచో, వార్డు మెంబరో బడికి వచ్చి జవాబు చెప్పాలి. పని అయితే సంతోషం. కాకపోతే, ఈ ఏడు డబ్బు దేనికి పోయిందో, ఇది ఎందుకు వెనక్కి జరిగిందో పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలి. కారణంతో చెప్పిన కాదు అన్న మాటను పిల్లలు గౌరవిస్తారు. మౌనాన్ని గౌరవించరు. జవాబు రాని అర్జీ, అడగడం దండగ అని పదేళ్లకే నేర్పేస్తుంది, ఆ పాఠాన్ని తరువాత ఏ చదువూ తుడిచివేయలేదు. కాబట్టి జవాబు చెప్పడానికి పెద్దలు సిద్ధంగా లేని చోట అర్జీ రాయించకపోవడమే మంచిది. అలాంటి చోట ముందు హెచ్‌ఎం జవాబు చెప్పగల విషయాలతో, గ్రంథాలయం పుస్తకాలు ఇంటికివ్వడం, ఆటల పీరియడ్ ఎప్పుడు పెట్టడం వంటివాటితో, బడి లోపలే మొదలుపెట్టాలి.

మహబూబాబాద్ జిల్లా తండాల్లో, గూడేల్లో ఈ పాఠానికి ఇంకో పొర ఉంది. మా తండాలో మా రాజ్యం అన్న చిరకాల కోరిక 2018 చట్టంతో నెరవేరి, ఐదువందల జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఆచారాలను, సామూహిక వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. ఇక్కడి పిల్లలకు రెండు సభలు తెలుసు: నాయక్, పెద్దమనుషులు కూర్చుని మాట తేల్చే సభ ఒకటి, సర్పంచ్ మైకులో పిలిచే సభ ఒకటి. మొదటిదాన్ని పాతదని తీసిపారేసి రెండోదాన్నే ప్రభుత్వమని చెప్పడం పిల్లల ఇంటిని చిన్నబుచ్చడం. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడటం అన్న గుణం ఆ పాత సభలో ఉంది, ఆడవాళ్ల మాటకు చోటు తక్కువ ఉండటమూ ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పని పిల్లలు ఇంట్లో తాతను, అవ్వను వేరువేరుగా అడిగి చేయగలరు. ఇద్దరి జవాబులూ ఒకటి కాకపోవచ్చు. లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలు ఆ ముచ్చట్లను తమ భాషలోనే మొదట చెప్పనివ్వాలి, తెలుగు రాత తరువాత రావచ్చు.

మిగిలింది మార్కుల సంగతి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. అవి ఉన్నందువల్లే చాలాసార్లు ప్రాజెక్టు అంటే స్టేషనరీ దుకాణంలో కొన్న బొమ్మలు చార్టు మీద అంటించడమైంది. పాలన పాఠానికి మార్కు వేయవలసి వస్తే, పని జరిగిందా లేదా అన్నదానికి వేయకూడదు, అది పిల్లల చేతిలో లేదు. గెలిచిన నాయకుడికీ వేయకూడదు. సమస్యను తన కంటితో చూశాడా, తనకు ఎదురు మాట్లాడినవాళ్ల వాదాన్ని వాళ్లు ఒప్పుకునేట్టు తిరిగి చెప్పగలిగాడా, జవాబు విన్నాక ఇంకో ప్రశ్న అడిగాడా అన్నవి చూడవచ్చు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్కరే చూసుకునే టీచరుకు ఏడాదికి ఇలాంటి పని ఒక్కటి చాలు. పటం, అర్జీ, జవాబు, దాని మీద చర్చ అన్నీ కలిసిన ఒక్క పని. పిల్లల అర్జీ నకలు, వచ్చిన జవాబు బడి రిజిస్టరులో అంటించి ఉంచితే, మరుసటి ఏడు ఐదో తరగతికి వచ్చేవాళ్లు తమ అన్నలు, అక్కలు ఆపిన చోటు నుంచి మొదలుపెడతారు.